సొట్ట లోతు కన్నా దాని వాలే ముందు కంటపడుతుంది

టింకరింగ్ అయి, లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టిన కారు డోరు చూడ్డానికి చక్కగా ఉంటుంది. అరచేత్తో తడిమినా ఎక్కడా ఏమీ తగలదు. అదే డోరుకు రంగు పడి, ఆరి, ట్యూబ్‌లైటు కిందికి వచ్చిందంటే చాలు, అలలు అలలుగా బయటపడతాయి. విశాఖ గాజువాకలోని ఆటోనగర్ షెడ్లలో ఈ గొడవ కొత్తేమీ కాదు. కస్టమరు పెయింటరును తప్పుపడతాడు, పెయింటరు లప్పం పనిని తప్పుపడతాడు, టింకరేమో తాను చూసినప్పుడు సమంగానే ఉందంటాడు. టింకరు అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కర్లేదు. డోరు ఆకారం నిన్నటికీ ఇవాళ్టికీ మారలేదు, దాని మెరుపు మారింది. ప్రైమర్ మీద పడిన వెలుగు అన్ని వైపులకూ చెదిరిపోతుంది కాబట్టి అందులో చిన్న వంకర తెలియదు. నిగనిగలాడే రంగు మీద పడిన వెలుగు మాత్రం లెక్క ప్రకారం ఒకే వైపుకు తిరిగి వెళ్తుంది. అక్కడ ఏ కాస్త తేడా ఉన్నా దాచుకునే వీల్లేదు.

వస్తువుల ఉపరితలంలో ఆకారపు లోపాలను వెలుగుతో పట్టుకునే పద్ధతులు చాలా ఉన్నాయి. యంత్రాలు అమ్మేవాళ్లు మాత్రం అన్నిటినీ ఒకే మాటతో అమ్ముతారు: మా స్కానర్ ఇన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వరకు కొలుస్తుంది అని. కొనేవాళ్లు కూడా ఏ అంకె చిన్నదో చూసి ఆర్డరు పెట్టేస్తారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఉపరితలం గురించి వెలుగు చెప్పగలిగేవి ముఖ్యంగా మూడు. ఒక చోటు ఉండాల్సిన మట్టం నుంచి ఎంత పైకో కిందికో ఉందన్నది ఎత్తు. ఆ ఎత్తు ఎంత దూరంలో మారిందన్నది వాలు. వాలు ఎంత త్వరగా మారుతోందన్నది వంపు. ఒక్కో పద్ధతి వీటిలో ఒకదాన్ని నేరుగా చూస్తుంది, మిగతావాటిని లెక్కగట్టుకుంటుంది. కావలసింది వాలైతే ఎత్తు కొలిచే యంత్రం ఎంత ఖరీదైనదైనా సరిగ్గా పనికిరాదు. ఎత్తు కావలసిన చోట వాలు చూసే యంత్రం కూడా అంతే.

దీన్ని అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. బానెట్ మీద ఒక మెత్తని అల ఉందనుకుందాం. మధ్య మట్టం నుంచి దాని ఎత్తు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి దూరం 100 మిల్లీమీటర్లు. ఈ అలలో అన్నిటికన్నా ఏటవాలుగా ఉండే చోట వాలు సుమారు 0.00063 రేడియన్లు (కోణాన్ని కొలిచే రేడియన్ ఒకటి సుమారు 57 డిగ్రీలు). ఉపరితలం ఎంత వాలితే ప్రతిఫలించిన కిరణం దానికి రెట్టింపు తిరుగుతుంది కాబట్టి కిరణం 0.00126 రేడియన్లు పక్కకు పోతుంది. ట్యూబ్‌లైటు రెండు మీటర్ల దూరంలో ఉంటే దాని అంచు ప్రతిబింబం రెండున్నర మిల్లీమీటర్ల మేర అటూ ఇటూ ఊగినట్టు కనిపిస్తుంది. అంచు తిన్నగా ఉండాలని మనకు ముందే తెలుసు కనుక ఆ ఊగుడు కంట్లో పడకుండా పోదు. నూరో వంతు మిల్లీమీటరు లోపాన్ని ఏ పరికరమూ లేకుండా చూడగలుగుతున్నాం.

అల పొడవు మారితే లెక్క కూడా మారుతుంది. మీటరు పొడవున సాగే అల అదే వాలు ఇవ్వాలంటే 100 మైక్రాన్ల ఎత్తుండాలి. 10 మిల్లీమీటర్ల చిన్న నొక్కుకు ఒక్క మైక్రాన్ చాలు. అందుకే 'ఎన్ని మైక్రాన్ల సొట్ట వరకు కనిపిస్తుంది' అన్న ప్రశ్నకు విడిగా అర్థం లేదు. ఎంత వెడల్పు సొట్ట అన్నది కూడా చెప్పాలి.

గోడల మీద లప్పం పని చేసేవాళ్లు ఈ లెక్కలేవీ లేకుండానే పని కానిచ్చేస్తారు. వైరుకు హోల్డరు తగిలించి, వెలిగే బల్బును గోడకు దాదాపు ఆనించి, వెలుగు గోడ వెంబడి పాకేలా పట్టుకుని చూస్తారు. వెలుగు గోడతో 2 డిగ్రీల కోణంలో పడుతుంటే అర మిల్లీమీటరు గడ్డ నీడ 14 మిల్లీమీటర్లు సాగుతుంది. నీడ పడనంత మెత్తని అలైనా దొరికిపోతుంది. గోడ 0.1 డిగ్రీ వాలితే, 2 డిగ్రీల వెలుగులో ఆ చోటు 5 శాతం ఎక్కువ వెలుగుతో కనిపిస్తుంది. అదే బల్బును 45 డిగ్రీల కోణంలో పట్టుకుంటే తేడా 0.2 శాతం కూడా ఉండదు, కంటికి ఏమీ తెలియదు. విశాఖలో కొన్ని గోడలకు ఈ పరీక్ష ఏడాదికి రెండుసార్లు దానంతటదే జరుగుతుంది. మార్చి, సెప్టెంబరు నెలల మూడో వారం దాటాక సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ఈ ఊళ్లో, ఆ రోజుల్లో పొద్దెక్కిన ముప్పావుగంటకు కూడా ఎండ దక్షిణపు గోడ వెంట సుమారు 3 డిగ్రీల కోణంలోనే పాకుతుంటుంది. గోడకు అడ్డుగా మరో భవనం లేకపోతే మేస్త్రీ పనితనమంతా అప్పుడు చదువుకోవచ్చు. ఫ్లాటును మధ్యాహ్నమే చూపించే బిల్డరుకు ఈ సంగతి తెలుసో లేదో గాని, కొనేవాళ్లకు తెలిసి ఉండటం మంచిది.

బీచ్ రోడ్డులో అద్దాల ముఖంతో కట్టిన భవనాలు ఇంకో రకం పాఠం. టఫెన్డ్ గాజును కొలిమిలో 600 డిగ్రీల సెల్సియస్ పైకి వేడి చేసి, రోలర్ల మీద ముందుకూ వెనక్కూ నడిపి, ఒక్కసారిగా చల్లారుస్తారు. ఆ వేడిలో గాజు కొద్దిగా మెత్తబడి రోలరుకీ రోలరుకీ మధ్య కుంగుతుంది. ఆ కుంగుడు గాజులో అలగా మిగిలిపోతుంది. చేత్తో తడిమితే తెలియని ఆ అల, ఎదురుగా సముద్రం ఉన్నచోట దాగదు. క్షితిజ రేఖ కన్నా తిన్నటి గీత ప్రకృతిలో దొరకదు. అద్దాల గోడలో అది ఒక పలకలో కాస్త పైన, పక్క పలకలో కాస్త కిందన తెగి తెగి కనిపిస్తే పలకలు ఒకే తలంలో లేవన్నమాట. ఒకే పలక లోపల ఏటవాలు గీతలు, అంటే దూరంగా ఉన్న క్రేను చెయ్యో కొండ అంచో, పాములా మెలికలు తిరిగితే అది రోలర్ అల. ఇక్కడ గమనించాల్సిన సూక్ష్మం ఒకటుంది. అడ్డగీత పైకీ కిందికీ ఉన్న వాలును మాత్రమే చూపిస్తుంది, పక్కలకు ఉన్న వాలు దానికి తెలియదు. నిలువుగీతది దీనికి పూర్తిగా తిరగేసిన గుణం. అందుకే ప్రతిబింబంతో తనిఖీ చేసేవాళ్లు ఒకే దిక్కు చారలతో సరిపెట్టుకుంటే లోపాల్లో సగం చేజారిపోతాయి.

ఈ ప్రతిబింబపు ఆటనే కొలతగా మార్చిన పద్ధతి డిఫ్లెక్టోమెట్రీ. దీన్ని నడిపించడానికి ల్యాప్‌టాప్, ఫోన్ చాలు. స్క్రీను నిండా నలుపు తెలుపు చారలు పెట్టి, శుభ్రంగా తుడిచిన కారు డోరు ముందు నిలబెట్టి, స్క్రీను కాదు, డోరులో పడిన చారల ప్రతిబింబాన్ని ఫోన్‌తో ఫోటో తీస్తే చాలు, డోరు పుట్టుపూర్వోత్తరాలు బయటపడతాయి. పార్కింగులో పక్క కారు డోరు తగిలిన చోట చారలు గట్టిగా నొక్కుకుపోయి చిన్న కన్నులా కనిపిస్తాయి. లప్పం పెట్టి సాన పట్టిన చోట చారలు వణుకుతూ ఉంటాయి. కంపెనీ నుంచి వచ్చిన డోరులో అవి సాఫీగా వంగి, అంచు దాకా అలాగే వెళ్తాయి. ఇది చూడ్డానికే సరిపోతుంది, కొలవడానికి ఇంకో అడుగు వేయాలి. చారల అంచులు పదునుగా కాకుండా వెలుగు మెల్లగా హెచ్చుతూ తగ్గుతూ ఉండే సైను తరంగంగా గీస్తారు. ఆ చారలను నాలుగో వంతు చొప్పున జరుపుతూ నాలుగు ఫోటోలు తీస్తారు. ప్రతి పిక్సెల్‌లో ఆ నాలుగు వెలుగుల హెచ్చుతగ్గుల నుంచి, ఆ పిక్సెల్ స్క్రీనులో ఏ చోటును చూస్తోందో చారలో నూరో వంతు దాకా తేల్చవచ్చు. నిలువు చారలతో ఒకసారి, అడ్డ చారలతో ఒకసారి చేస్తే రెండు దిక్కుల వాలూ చేతికొస్తుంది. సైను చారలకు మరో సుగుణం కూడా ఉంది. కెమెరా డోరు మీద ఫోకస్ అయితే చారల ప్రతిబింబం మసకబారుతుంది. మసకబారినా సైను తరంగం సైను తరంగంగానే ఉంటుంది, వెలుగు తేడా తగ్గుతుందంతే. పదునైన అంచుల చారలకు ఆ సౌలభ్యం లేదు.

మరి ఇంత తేలికైతే ప్రతి షెడ్డులోనూ ఎందుకు లేదు? బయటికి ఉబ్బిన బానెట్ చిన్న స్క్రీనును ఇంకా చిన్నది చేసి చూపిస్తుంది. బానెట్ అంతా చారలతో నిండాలంటే దాని చుట్టూ కమ్మేసేంత స్క్రీను కావాలి. కార్ల ఫ్యాక్టరీల్లో రంగు తనిఖీ చేసే చోట వరసలు వరసలుగా లైట్లతో సొరంగంలాంటి గది కట్టడం ఇందుకే. రెండోది, ఒక కిరణం పక్కకు పోయిందంటే ఆ చోటు వాలి ఉండొచ్చు, లేదా ఆ చోటు అనుకున్న దానికన్నా దగ్గరగానో దూరంగానో ఉండొచ్చు. ఒక్క ఫోటో ఈ రెండిటినీ విడదీయలేదు. అన్నిటికన్నా పెద్దది, వాలు నుంచి ఎత్తును రాబట్టాలంటే వాలునంతా కూడుకుంటూ పోవాలి. ప్రతి చోటా ఉండే చిన్న పొరపాటు కూడికలో పెరిగి, తిన్నగా ఉన్న పలకను గిన్నెలా చూపించగలదు. చిన్న సొట్టను వదలని పద్ధతి, డోరు బాడీలో సరిగ్గా కూర్చుంటుందా లేదా అన్నది మాత్రం నమ్మకంగా చెప్పలేదు.

1980ల్లో కెనడాలోని డిఫ్రాక్టో అనే కంపెనీ 'డి సైట్' పేరుతో ఇంకో దారి పట్టింది. ఒక దీపం వెలుగు పలక మీద వాలుగా పడి, అవతల సన్నటి గాజుపూసలు పరిచిన తెర మీదికి వెళ్తుంది. హైవే సైన్‌బోర్డుల్లో వాడేటటువంటి ఆ తెర వెలుగును వచ్చిన దారినే, కొద్దిగా చెదరగొట్టి, వెనక్కి పంపుతుంది. అది మళ్లీ పలకను తాకి దీపం పక్కనే ఉన్న కెమెరాలోకి చేరుతుంది. రెండుసార్లు పలకను తాకి వచ్చిన ఆ వెలుగులో సొట్టకు ఒక పక్క తెల్లగా, ఇంకో పక్క నల్లగా తేలి కనిపిస్తుంది. అంకెలు ఇవ్వడంలో ఇది వెనకబడినా, పెద్ద ప్రాంతాన్ని ఒక్క చూపులో చూపించడంలో దీన్ని మించింది తక్కువ. కార్ల పలకల కోసం పుట్టిన ఈ పద్ధతి తర్వాత విమానాల దగ్గరికి వెళ్లింది. 1988 ఏప్రిల్ 28న అలోహా ఎయిర్‌లైన్స్ వాళ్ల బోయింగ్ 737 సుమారు 24,000 అడుగుల ఎత్తులో ఎగురుతుండగా ముందుభాగం పైకప్పు ఊడిపోయింది. సముద్రపు గాలిలో తిరిగే పాత విమానాల్లో రేకుల అతుకులు ఎలా పాడవుతాయో అప్పుడు అందరి దృష్టికీ వచ్చింది. రెండు అల్యూమినియం రేకుల మధ్య తుప్పు పుడితే అది అసలు లోహం కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. రివెట్టుకీ రివెట్టుకీ మధ్య రేకు దిండులా ఉబ్బుతుంది. తుప్పు లోపల ఉంటుంది, కంటికి కనిపించదు, కానీ ఉబ్బుకు వాలుంటుంది. డి సైట్ పట్టుకునేది ఆ వాలునే. బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలిపిన టీయూ-142 లాంటి విమానం పక్కన పొద్దువాలే వేళ నిలబడి రేకు మీద వెలుగు ఎలా పాకుతోందో చూస్తే, రివెట్ల వరసలు రేకును ఎక్కడెక్కడ లాగిపెట్టాయో పరికరం లేకుండానే కొంత తెలుస్తుంది.

డి సైట్‌కైనా డిఫ్లెక్టోమెట్రీకైనా మెరుపు కావాలి. రేకును అచ్చులో నొక్కి ఆకారం తెచ్చే ప్రెస్సు షాపులోంచి అప్పుడే వచ్చిన రేకు మసగ్గా ఉంటుంది కాబట్టి దాని మీద పల్చటి నూనె పూసి, కాసేపు మెరిసేలా చేసి చూస్తారు. షెడ్లలో ప్రైమర్ మీద తడిగుడ్డ పెట్టి తుడిచి, ఆ తడి ఆరేలోపు వాలుగా చూసే అలవాటుంది. నూనె పనీ ఈ తడిపనీ ఒకటే. మొదట చెప్పిన గొడవలో సగం ఈ అర నిమిషం పనితో తప్పిపోయేదే.

మెరుపు తెచ్చే వీలు లేనప్పుడు, లేదా నిజంగా ఎత్తే కావలసినప్పుడు వేరే దారులున్నాయి. దోమతెర రెండు మడతలు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు పెద్ద పెద్ద అలలు కదులుతున్నట్టు కనిపిస్తుంది కదా, దాన్నే మోయిరే అంటారు. సన్నటి గీతల జాలరిని వస్తువు ముందు పెట్టి, పక్కనుంచి దీపం వేస్తే జాలరి నీడ వస్తువు మీద పడి వంకర్లు పోతుంది. ఎదురుగా నిలబడి జాలరిలోంచి ఆ నీడను చూస్తే రెండూ కలిసి పటంలో కొండ ఎత్తులు చూపే గీతల్లాంటి చారలు ఏర్పడతాయి. జాలరి గీతల మధ్య ఎడం 1 మిల్లీమీటరు, దీపం కోణం 45 డిగ్రీలు అయితే ఒక చారకీ తర్వాతి చారకీ మధ్య ఎత్తు తేడా సరిగ్గా 1 మిల్లీమీటరు. జపాన్‌కు చెందిన హిరోషి తకసాకి 1970లో ఈ పద్ధతితో మనుషుల ఒంటి ఆకారాన్ని కొలిచి చూపాక, అక్కడ బడిపిల్లల్లో వెన్నెముక వంకర పట్టుకోవడానికి కూడా దీన్ని వాడారు. జాలరి తీసేసి ప్రొజెక్టరుతో చారలు నేరుగా వస్తువు మీద వేసి, కెమెరాతో పక్కనుంచి చూసేదే నేటి ఫ్రింజ్ ప్రొజెక్షన్. మార్కెట్లో వెలుగుతో పనిచేసే 3డి స్కానర్లలో చాలావాటికి మూలం ఇదే. ఇక్కడ చారలు వస్తువు మీదే పడతాయి, అక్కడి ఎత్తును బట్టి పక్కకు జరుగుతాయి. నాలుగు ఫోటోల కిటుకు ఇక్కడా అదే. తేడా ఏమిటంటే దీనికి మెరుపు శత్రువు. నిగనిగలాడే భాగం మీద లోహంలో పగుళ్లు వెతికే డీపీ (డై పెనిట్రెంట్) టెస్టులో వాడే డెవలపర్ లాంటి తెల్లపొడి స్ప్రే కొట్టి స్కాన్ చేస్తారు. ఆ పొడి మందం కూడా కొలతలో కలిసిపోతుందని మర్చిపోతుంటారు.

ఈ స్కానర్ చేతిలో ఉంది కదా అని అదే బానెట్ అల వెతకడానికి వాడితే ఏమవుతుంది? స్కానర్ కొలతలో ఒక్కో బిందువు దగ్గర 20 మైక్రాన్ల ఊగిసలాట ఉందనుకుందాం, ఇది పాడు స్కానరేమీ కాదు. మిల్లీమీటరు దూరంలో ఉన్న రెండు బిందువుల నుంచి వాలు లెక్కిస్తే అందులో వచ్చే తప్పు సుమారు 0.028 రేడియన్లు. మనం వెతుకుతున్న వాలు 0.00063. తప్పు అసలుకు 45 రెట్లు. పక్కపక్క బిందువులను కలిపి సగటు తీస్తే తప్పు తగ్గుతుంది, దాంతోపాటే చిన్న సొట్టలు కూడా చెరిగిపోతాయి. స్కానర్ రిపోర్టు మొత్తం పచ్చరంగులో, 'ఓకే' అని వస్తుంది. కస్టమరు ట్యూబ్‌లైటు కింద చూసి తిప్పిపంపేస్తాడు. రెండూ నిజమే కావడం ఇక్కడి తమాషా.

ఎత్తు రాజ్యమేలే చోటు షిప్‌యార్డు. 1941లో సింధియా కంపెనీ మొదలుపెట్టిన యార్డే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్. 1948లో జలఉష నౌక ఇక్కడే నీళ్లలోకి దిగింది, ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ సింధియా అనే పిలుస్తారు. ఓడ ప్లేటుకు లోపలి వైపు ఫ్రేములు వెల్డింగ్ చేసినప్పుడు, వెల్డింగ్ చల్లారుతూ ముడుచుకుని ప్లేటును లాగుతుంది. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ప్లేటు లోపలికి కుంగి, బయటనుంచి చూస్తే పక్కటెముకలు తేలినట్టు ఉంటుంది. నౌకానిర్మాణంలో దీనికి 'హంగ్రీ హార్స్' అని పేరు. ఓడల నిర్మాణాన్ని తనిఖీ చేసి ధ్రువీకరించే అంతర్జాతీయ క్లాసిఫికేషన్ సంస్థల ఉమ్మడి సిఫారసు ప్రకారం, ఓడ మధ్యభాగంలో ఫ్రేముల మధ్య బయటి ప్లేటు కుంగుడు 4 మిల్లీమీటర్లు ఉండటం మామూలు, 8 మిల్లీమీటర్లు హద్దు. దీన్ని స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి పట్టీ) ఆనించి కూడా కొలవచ్చు. అయితే వందల చదరపు మీటర్ల ప్లేటంతా అలా కొలవడం అయ్యే పని కాదు. లేజర్ స్కానరో, స్టిక్కర్లు అంటించి నాలుగైదు వైపుల నుంచి ఫోటోలు తీసే ఫోటోగ్రామెట్రీయో అక్కడ అక్కరకొస్తుంది. మిల్లీమీటర్ల హద్దు ఉన్నచోట మైక్రాన్ల స్కానరుకు డబ్బు పోయడం అనవసరం.

వెలుగు కన్నా ఎండ వేడి ఎక్కువ ఇబ్బంది పెట్టేది కూడా ఇక్కడే. ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకు సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం డెక్ ప్లేటు కింది భాగం కన్నా 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, 10 మీటర్లకు 2.4 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. పైన సాగి, కింద సాగక బ్లాకు (విడిగా కట్టిన ఓడ భాగం) మొత్తం విల్లులా వంగుతుంది. ముఖ్యమైన కొలతలు తెల్లవారుజామున, ఎండ పడకముందే తీసుకోవడం యార్డుల్లో పాత అలవాటు. ఎంత మంచి లేజరైనా ఈ అలవాటుకు ప్రత్యామ్నాయం కాదు.

ఆర్‌కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా దగ్గర ఎత్తు సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. 1969లో నౌకాదళంలో చేరిన ఆ సబ్‌మెరైన్‌లో సందర్శకులు నడిచేది నీటి ఒత్తిడిని తట్టుకునే లోపలి గొట్టంలో. బయటి ఒత్తిడిని తట్టుకోవడానికి గొట్టం గుండ్రంగా ఉండాలి. గుండ్రం నుంచి తప్పిన కొద్దీ ఒత్తిడి ఆ తప్పునే పెంచుతూ, ఒక హద్దు దాటాక గొట్టాన్ని నలిపేస్తుంది. బయటి ఒత్తిడి పడే గొట్టాల, పాత్రల డిజైన్‌లో వ్యాసార్ధంలో అర శాతం అన్నది తరచుగా కనిపించే హద్దు. 3 మీటర్ల వ్యాసార్ధానికి అది 15 మిల్లీమీటర్లు. చుట్టుకొలత పొడవునా మెల్లగా పరుచుకున్న ఆ 15 మిల్లీమీటర్లు మసక రంగు వేసిన ఉక్కు మీద ఏ కంటికీ ఆనవు, ఏ చారల ప్రతిబింబమూ అక్కడ పుట్టదు. నూరో వంతు మిల్లీమీటరు బానెట్ మీద గొడవ తెస్తుంటే, దానికి 1,500 రెట్లున్న లోపం ప్రాణాల మీదికి తెచ్చేదైనా కంటపడకుండా ఉండిపోగలదు. దాన్ని పట్టాలంటే వ్యాసార్ధాన్ని చుట్టూ కొలవాలి.

స్టీల్‌ప్లాంటులాంటి చోట సమస్య మరొకటి. సుమారు 1,000 డిగ్రీల దగ్గర పరుగెడుతున్న కడ్డీ ఆకారం చూడాలంటే, దాని మీద వేసే లేజర్ గీత కన్నా కడ్డీయే ఎక్కువ వెలుగుతుంటుంది. ఆ వెలుగులో ఎరుపుతో పోలిస్తే నీలం కొన్ని వందల వంతుల్లో ఒకటి మాత్రమే. అందుకని నీలి లేజర్ వేసి, ఆ రంగు తప్ప మరేదీ లోపలికి రానివ్వని ఫిల్టరును కెమెరాకు బిగిస్తే, కడ్డీ నల్లగా, దాని మీద గీత నీలంగా స్పష్టంగా కనిపిస్తుంది.

పంపుల్లో తిరిగే ఇరుసు చుట్టూ ద్రవం కారకుండా ఆపే మెకానికల్ సీల్ దగ్గర లెక్క మరో కొసకు వెళ్తుంది. రిఫైనరీలోనైనా ఓడలోనైనా సీల్ ముఖాలు రెండూ ఒకదానిమీద ఒకటి ఎంత సమంగా కూర్చుంటే లీకు అంత తగ్గుతుంది. లాపింగ్ చేసిన, అంటే సన్నటి పొడితో అరగదీసి సమం చేసిన ముఖం మీద ఆప్టికల్ ఫ్లాట్ అనే గాజుబిళ్ల పెట్టి, ఒకే రంగు వెలుగిచ్చే సోడియం దీపం కింద చూస్తారు. గాజుకీ ముఖానికీ మధ్య గాలిపొర మందాన్ని బట్టి నల్ల చారలు కనిపిస్తాయి. ఒక్కో చార వెలుగు అలలో సగం, సోడియానికి అది 0.295 మైక్రాన్లు. చారలు తిన్నగా, సమాన ఎడంతో ఉంటే ముఖం సమం. వంగితే, ఎన్ని చారల మేర వంగిందో అంత లోపం. రెండు మూడు చారల లోపు వంపు ఉంటే సాధారణంగా పాసవుతుంది. పరికరం చవక, చదవడం తేలిక, కానీ ఒక్క దుమ్ము రేణువు మధ్యలో చిక్కినా మొత్తం చదువు తప్పు. ముఖాన్ని తుడిచే తీరులోనే సగం పనితనం ఉంది.

ఈమధ్య ఏ తనిఖీ గురించి మాట్లాడినా కెమెరా, ఏఐ అన్న రెండు మాటలు వచ్చేస్తున్నాయి. మామూలు ఫోటోలో మరక, తుప్పు చారిక, నూనె చుక్క అన్నీ సొట్టలాగే కనిపిస్తాయి. ఉప్పుగాలికి ఒక్క రాత్రిలో తుప్పు చార పడే ఊళ్లో అలాంటి తప్పుడు అలారాలకు కొదవుండదు. ఎంత తెలివైన ప్రోగ్రామైనా ఫోటోలో లేని సమాచారాన్ని తేలేదు. దీనికి పాత మందు ఒకటుంది. 1980లో రాబర్ట్ వుడమ్ ప్రతిపాదించిన ఫోటోమెట్రిక్ స్టీరియోలో కెమెరా కదలదు, దీపాలను మాత్రం ఒక్కో దిక్కు నుంచి ఒక్కోసారి వెలిగిస్తారు. మరక ఏ దీపంలో చూసినా మరకే. సొట్ట అయితే ఎడమ దీపంలో ఒక పక్క, కుడి దీపంలో ఇంకో పక్క వెలుగుతుంది. మూడు నాలుగు ఫోటోల నుంచి రంగునూ వాలునూ విడదీసేయవచ్చు. ఆ విడదీసిన బొమ్మను ప్రోగ్రాముకిస్తే దాని పని చాలా తేలికవుతుంది. దీపాలకు పెట్టాల్సిన ఖర్చు మిగిల్చి సాఫ్ట్‌వేర్‌కు రెట్టింపు పోయడం చాలా చోట్ల జరుగుతున్నదే.

పద్ధతి సరిగ్గా ఎంచుకున్నాక కూడా, దేనితో పోల్చి చూస్తున్నామన్న ప్రశ్న మిగులుతుంది. 1990లో అంతరిక్షంలోకి వెళ్లిన హబుల్ టెలిస్కోప్ 2.4 మీటర్ల అద్దాన్ని ఆనాటి అత్యుత్తమ వెలుగు పరీక్షతో సాన పట్టారు. ఆ పరీక్షకు ఆధారమైన నల్ కరెక్టర్ అనే పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు తప్పుచోట కూర్చుంది. అద్దం ఆ తప్పుకు తగ్గట్టు ఎంతో నాజూగ్గా తయారై, అంచు దగ్గర సుమారు 2.2 మైక్రాన్లు తక్కువ పడింది. అంతకన్నా మోటైన వేరే పరీక్షలు తేడా ఉందని చూపించాయి, కానీ అవి తక్కువ ఖచ్చితమైనవని వాటి మాట పక్కన పెట్టేశారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి దిద్దుబాటు అద్దాలు అమర్చేదాకా చిత్రాలు మసగ్గానే వచ్చాయి.

చిన్న వర్క్‌షాపుకు ఇందులోంచి పనికొచ్చేది ఒకటుంది. యంత్రం కొనే ముందు కేటలాగులో మైక్రాన్లు చూడటం కన్నా, తమ దగ్గర కస్టమరు తిప్పిపంపిన పలకలు నాలుగు, ఒప్పుకున్న పలకలు నాలుగు పట్టుకెళ్లి, పేర్లు చెప్పకుండా యంత్రం ముందు పెట్టమనాలి. వాటిని అది వేరు చేయలేకపోతే ఇక ఖరీదు మాట అనవసరం. వేరు చేస్తే అందులో రెండిటిని మాస్టర్ పలకలుగా ఉంచుకుని, రోజూ పని మొదలుపెట్టే ముందు వాటితో యంత్రాన్ని సరిచూసుకోవాలి. ఈ ఊరి గాలికి రంగు లేని ఉక్కు పలక వారం తిరక్కుండానే తుప్పు పడుతుంది కాబట్టి, పని అయ్యాక దానికి నూనె రాసి, కవరులో చుట్టి, షెల్ఫులో పెట్టే మనిషెవరో కూడా ముందే రాసిపెట్టుకోవాలి.